బెండు మునిగేదాకా

గాలపు కర్రలు మూడూ గోడవార నిలబడి ఏడు నెలలయింది. ఈ ఏడు నెలల్లో వాటిని సాలీడు తప్ప ఎవరూ ముట్టుకోలేదు. అది మాత్రం రెండు కర్రల మధ్య తన దారం తాను కట్టుకుని, మధ్యలో కూర్చుని, తన వేట తాను చేసుకుంటోంది. ఆమె ఊడ్చేటప్పుడు చీపురు అక్కడిదాకా తీసుకెళ్లి ఆపేసేది. ఆ మూలలో ఎవరో ఒకరు వేట సాగిస్తున్నారు కదా, సాగనీ అనుకునేది.

ఆమె దర్జీ. ముందుగదిలో కిటికీ పక్కన మిషను, మెడలో టేపు, వేళ్ల మధ్య ఎప్పుడూ ఒక గుండుసూది. ఆమె భర్త ఏడంతస్తుల ఆఫీసు భవనంలో లిఫ్ట్ నడిపేవాడు. ముప్పయ్యేళ్లు పైకీ కిందికీ తిరిగినా ఎక్కడికీ చేరని మనిషినని తనమీద తనే జోకు వేసుకునేవాడు. ఆదివారం వస్తే మాత్రం తెల్లవారకుండానే కర్ర భుజాన వేసుకుని ఊరి చివర పాత రాతిక్వారీ మడుగుకు వెళ్లిపోయేవాడు. అలాంటివాడికి ఓ రోజు లిఫ్టులోనే పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. మందులతో చెయ్యి సగం తిరిగి వచ్చింది. మాట బాగానే వచ్చింది గానీ, వాడటమే మానేశాడు. అన్నం పెట్టనా అంటే ఊఁ, ఫ్యాను ఆపనా అంటే ఊఁ. కుర్చీలో కూర్చుని వేళ్ల వంక, అవి ఎవరివో అన్నట్టు, చూసుకుంటూ ఉండేవాడు.

మంగళవారం పొద్దున ఎదురింటి కాంపౌండరు బీపీ చూడ్డానికి వచ్చినప్పుడు భర్త నోటినుంచి ఒక పూర్తి వాక్యం వచ్చింది.

"తమ్ముడూ, ఆదివారం వచ్చి ఆ కర్రలూ, గాలాల పెట్టే పట్టుకుపో. నాకెందుకింక?"

మిషను తొక్కుతున్న ఆమె కాలు ఆగిపోయింది. కర్రలు పోతున్నాయని కాదు ఆమె బాధ. అవి గుమ్మం దాటితే ఈ మనిషి ఇక గుమ్మం దాటడు. ఆ సంగతి ఆమెకు గుడ్డమీద సుద్దగీత గీసినంత స్పష్టంగా కనిపించింది.

"నాకు నేర్పండి," అంది.

"ఏమిటి?"

"గాలం వెయ్యడం. ఆదివారం మడుగుకి వెళ్దాం. పన్నెండు లోపల నా చేత్తో ఒక్క చేప పడితే ఇవి ఇంట్లోనే ఉంటాయి. పడకపోతే ఈ మరిది అక్కడికే వచ్చి పట్టుకుపోతాడు."

కాంపౌండరు పళ్లు బయటపెట్టాడు. "వదినా, ఐదు రోజుల్లోనా? చేపలక్కూడా ముందు కబురు పెట్టాలేమో!"

"నువ్వు బీపీ చూడు నాయనా."

భర్త ఆమెను ఎగాదిగా చూశాడు. ఆమెవల్ల కాదని తేలిపోయిందేమో, ఊఁ అన్నాడు.

ఆ సాయంత్రమే పెట్టె తెరిచారు. తుప్పు వాసన, పాత నీళ్ల వాసన కలిసి గది నిండాయి. ఆమె అన్నిటికంటే పొడుగు కర్రమీద చెయ్యి వేసింది.

"అది వద్దు. కొత్తవాళ్లకి పొడుగు కర్ర చెట్టుకొమ్మల్ని పడుతుంది, చేపల్ని కాదు. నీ ఎత్తు మీద ఇంకో మూరెడు చాలు," అన్నాడు. "గాలం చిన్నది తీసుకో. చిన్న గాలాన్ని పెద్ద చేపైనా మింగుతుంది. పెద్ద గాలాన్ని చూసి చిన్న చేప నవ్వుకుని పోతుంది."

ఆమె గాలానికి ముడి వేసింది. చూపుడువేలి చుట్టూ ఒక్కసారి దారం తిప్పి, బొటనవేలితో దొర్లించి వేసే దర్జీ ముడి. ఆయన ఎడమచేత్తో పట్టుకుని కాస్త లాగగానే ఊడి వచ్చేసింది.

"ఇది నూలు కాదు, నైలాను. దీనికి సిగ్గూ శరమూ లేవు, జారిపోతుంది. కన్నంలోంచి దూర్చి, దానిమీద అదే ఐదు చుట్లు తిప్పు. కొసని వెనక్కి తెచ్చి గాలం పక్కనున్న సందులో దూర్చు. ఇప్పుడు ఉమ్మితో తడుపు. తడపకుండా బిగిస్తే రాపిడికి కాలుతుంది, రేపు తెగేది అక్కడే. నెమ్మదిగా... ఆఁ."

ముడి బిగిసింది. మిగిలిన కొసను ఆమె అలవాటుగా పంటితో కొరికింది.

"పన్ను ఊడుతుంది! రోజంతా కత్తెర పట్టుకు తిరిగే మనిషివి, నీకిదేం బుద్ధే?"

ఆయన తిట్టి ఎన్నాళ్లయిందో. ఆమెకు ముద్ద తేనెలో ముంచి పెట్టినట్టనిపించింది.

అసలు ఘనకార్యం బుధవారం చేసింది. బొత్తాలు కుట్టే దారానికి మైనం పట్టిస్తే చిక్కుపడదు, తెగదు. ముప్పయ్యేళ్లుగా ఆమె నమ్మిన సత్యం అది. ఆయన కునుకు తీస్తుండగా రీలులోని దారమంతా విప్పి, గజం గజం మైనంబిళ్లమీద లాగి, మళ్లీ చుట్టి పెట్టింది. ఆయన లేచి రీలు తిప్పి చూశాడు. దారం కర్ర ఉంగరాల్లోంచి దిగనని మొండికేసి, చుట్టలు చుట్టలుగా నిలబడింది.

"ఏం చేశావు?"

చెప్పింది. ఆయన కాసేపు ఆమె మొహంలోకి చూశాడు. తర్వాత భుజాలు కదిలాయి. కడుపులోంచి ఎక్కడో లోతునుంచి నవ్వు బుడగలు బుడగలుగా పైకి వచ్చింది.

"దీంతో చేపల్ని పడతావా, వాటికి బొత్తాలు కుడతావా?"

ఆ రాత్రి అన్నాలయ్యేదాకా ఆ మైనం వదిలించడమే పని. ఆమె రీలు తిప్పుతుంటే, ఆయన వేడినీళ్లలో ముంచిన గుడ్డతో దారాన్ని వేళ్ల మధ్య నొక్కి పట్టుకున్నాడు. పట్టుకున్నది కుడిచేత్తో. ఆమె చూసింది. చూసినట్టు కనపడనివ్వలేదు.

గురువారం, శుక్రవారం, శనివారం పెరట్లో నీళ్లతొట్టి దగ్గర పాఠం. నీటిమీద ఎర్రటోపీ బెండు. బెండు కింద దారం కొస ఆయన చేతిలో. చేప వేషం ఆయనది.

"ముందు అది వాసన చూస్తుంది. తర్వాత మూతితో పొడుస్తుంది. బెండు ఇదిగో, ఇలా కులుకుతుంది. అప్పుడు లాగితే ఖాళీ గాలమే. బెండు పక్కకి నడవాలి, మునగాలి, నీకు కనపడకుండా పోవాలి. అప్పుడు మణికట్టు ఒక్కటే ఎత్తు. ఏదీ?"

బెండు కులికింది. ఆమె లాగేసింది. మళ్లీ కులికింది, మళ్లీ లాగేసింది. సూది పైకి రాగానే దారం బిగించే చెయ్యి అది. ఆలోచన అరవైలో ఉంటే చెయ్యి నూరులో ఉంటుంది. పుర్రెతో పుట్టిన బుద్ధి తొట్టి దగ్గర మూడు రోజుల్లో పోతుందా?

శనివారం పడుకున్నాక ఆమెకో కల వచ్చింది. ముందుగది నిండా నీళ్లు. పచ్చటి, వెలుతురున్న నీళ్లు. మిషను పీకలదాకా మునిగినా నడుస్తూనే ఉంది. గుడ్డ కింది నుంచి ఒక చేప వచ్చి సూదిని మూతితో పొడిచి చూస్తోంది. కాలు తీసెయ్యాలి, తీస్తే చేప పోతుంది, తియ్యకపోతే గుచ్చుకుంటుంది. మెలకువ వచ్చేసరికి కాళ్లు రెండూ మంచం కొసను తొక్కుతున్నాయి.

ఆదివారం మూడు కర్రలూ, పెట్టే, చేతివలా పట్టుకుని మొదటి బస్సుకే మడుగు చేరారు. క్వారీ ఎప్పుడో మూతపడింది. తవ్విన గోతిలో వానలు నిండి, రాతిగోడల మధ్య నీళ్లు నిద్రపోతున్నాయి. వాటిమీద పొగమంచు పాలమీద మీగడలా కట్టి ఉంది. ఎక్కడో ఒక చేప ఎగిరి పడింది. చప్పుడు వినపడింది గానీ చేప కనపడలేదు. ఇద్దరూ గుసగుసగా మాట్లాడుకున్నారు, ఎవర్నో లేపేస్తామేమో అన్నట్టు.

"అడుగుకి జానెడు పైన ఎర ఉండాలి. బెండు పైకి జరుపు. రొట్టెముక్కలు నలిపి ముందు చుట్టూ చల్లు. పిలవకుండా ఎవరొస్తారు భోజనానికి?"

చల్లింది. వేసింది. కూర్చున్నారు. మంచు కరుగుతున్న కొద్దీ రాతిగోడ తలకిందులుగా నీళ్లలోకి దిగింది. ఆమెకు తాను దేని అంచున కూర్చుందో కాసేపు తెలియలేదు. ఇంత సేపు ఏమీ కుట్టకుండా చేతులు ఊరికే ఉండటం పెళ్లయ్యాక ఇదే మొదలేమో.

బెండు కులికింది. చెయ్యి లాగేసింది. ఖాళీ గాలం వచ్చి ఆమె కొంగుకే తగులుకుంది.

రెండోసారీ అంతే. మూడోసారి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎండ నెత్తికెక్కుతోంది. ఆయన కేకలెయ్యలేదు. కొంగు నుంచి గాలం తీస్తూ నెమ్మదిగా అన్నాడు.

"లిఫ్టులో తలుపు పూర్తిగా మూసుకోకుండా లివరు వేస్తే ఏమవుతుందో తెలుసా?"

"ఏమవుతుంది?"

"ఏమీ కాదు. కదలదు. జనం తొందరపెడతారు, పద పద అంటారు. నేను తలుపు 'టక్' అనేదాకా చూసేవాణ్ణి. ఆ టక్ నీకు నీళ్లలో వినపడాలి."

ఆ మాట ఆమె చేతికి అర్థమయింది. మళ్లీ వేసింది.

పదకొండున్నరకు సైకిలు బెల్లు మోగించుకుంటూ కాంపౌండరు దిగాడు. హాండిలుకు కర్రలు కట్టుకుపోవడానికి తాడు చుట్ట.

"వదినా, ఏమన్నా పడ్డాయా?"

"నిద్ర పడుతోంది. గట్టిగా మాట్లాడకు."

అతను చెప్పులు విప్పి, వాచీ చూసుకుని, రాయికి చేరగిలబడ్డాడు. గాలి కూడా ఆగిపోయింది. పన్నెండుకు ఇంకా పది నిమిషాలుందనగా ఎర్రటోపీ ఒక్కసారి తలూపింది.

ఆమె చెయ్యి కదల్లేదు.

మళ్లీ తలూపింది. చుట్టూ ఒక సన్నని వలయం లేచి, విచ్చుకుని, ఒడ్డు రాయిని తాకింది. ఆమె చెయ్యి కదల్లేదు. బెండు పక్కకు వాలి, తనకేదో పని గుర్తొచ్చినట్టు, మెల్లగా నడవడం మొదలుపెట్టింది. నడిచింది. ఇంకా నడిచింది. ఆమెకు ఊపిరి చప్పుడు కూడా నీళ్ల అడుగునుంచి వినపడుతున్నట్టుంది. సగం మునిగింది. టోపీ కొస ఇంకా ఎర్రగా కనపడుతూనే ఉంది. ఇంకొక్క క్షణం...

"లాగు! లాగవే, లాగు!"

కేక రాతిగోడలన్నిటికీ తగిలి తిరిగొచ్చింది. ఆయన లేచి నిలబడి, రెండు చేతులూ గాల్లోకి ఎత్తి అరుస్తున్నాడు. ముప్పయ్యేళ్లు ఆ గొంతు విన్న చెయ్యి తనంతట తనే లేచింది. నీళ్లు పగిలి, మోచేతి పొడుగు చేప ఒకటి బంగారంలా తళుక్కుమంది, ఒక్కసారి తిరగబడింది, పోయింది. గాలం ఖాళీగా గాల్లో ఊగింది.

ఆమె కర్ర దించి ఒళ్లో పెట్టుకుంది.

"ఎందుకరిచారండీ?" అంది.

"పెద్దది..."

"బెండు పూర్తిగా మునిగిందా?"

ఆయన తలదించుకున్నాడు. "మునగలేదు."

"కూసే గాడిద వచ్చి మేసే గాడిదను..." అని మొదలుపెట్టి, కాంపౌండరు నాలుక కరుచుకున్నాడు.

"చెరిపింది. అనవోయ్, అను. ఆ గాడిదను నేనే." ఆయన మొహం ఎర్రబడి ఉంది. ఊగుతున్న దారాన్ని రెండు చేతులతోనూ ఒడిసిపట్టుకున్నాడు, కుడిదెంతో ఎడమదీ అంతే. "తమ్ముడూ, మాటంటే మాటే. కానీ ఆవిడ ఆగింది, నువ్వూ చూశావు. చేప పడేదే. చెడగొట్టింది నేను. కాబట్టి ఇవాళ్టిది చెల్లదు."

"మరి పందెం?"

"వచ్చే ఆదివారానికి."

"ఐతే వచ్చే ఆదివారం మీరు నోరెత్తకూడదు," అంది ఆమె.

"ఏడు నెలలు ఎత్తకపోతే ఏడ్చిందెవరే?"

ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది, చెమటో ఏదో. ఆయన మాత్రం అప్పటికే వాళ్లిద్దర్నీ వదిలేసి మడుగు అవతలి మూలకు చూస్తున్నాడు. అక్కడ రాతిగోడ నీడలో నీళ్లు నల్లగా ఉన్నాయి. ఒక వలయం లేచి, మాయమయింది.

"అటు వెళ్లింది. అక్కడ లోతెక్కువ, మధ్యాహ్నం చల్లగా ఉంటుంది," అంటూ చేతివల అందుకుని, రాళ్లమీద అడుగులో అడుగు వేసుకుంటూ బయల్దేరాడు. నాలుగడుగులు వేశాక వెనక్కి తిరిగాడు.

"పెట్టె నువ్వు తీసుకురా తమ్ముడూ. ఎలాగూ మొయ్యడానికేగా వచ్చావు!"