బేస్‌మెంట్‌లో తెల్ల గోంగూర

పద్మనాభం అబద్ధమాడతాడని అమెరికాలోని నోవై ఊళ్ళో ఎవరితో అన్నా నమ్మరు. డెట్రాయిట్ కార్ల కంపెనీల్లో ముప్ఫయ్యేళ్ళు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసి, ఇతరుల తప్పులు పట్టడమే తప్ప తాను తప్పు చేయడానికి తీరిక దొరకనివాడు. అలాంటివాడు రిటైరై ఏడాది తిరక్కుండానే బేస్‌మెంట్‌లో గంజాయి మొక్క నాటి, అది తెల్ల గోంగూర అని కట్టుకున్న భార్యకు చెప్పాడు.

కారణం ఆ భార్య చేతులే. రెండేళ్ళుగా కృష్ణకుమారి వేళ్ళ కణుపులు వాచిపోయి ఉన్నాయి. చపాతీ పిండి కలపడం మానేసింది, పూలు కట్టడం మానేసింది. పొద్దున్నే జాకెట్టు హుక్కులు పెట్టించుకోవడానికి వీపు ఆయనవైపు తిప్పి, గోడకేసి చూస్తూ నిలబడుతుంది. నొప్పిగా ఉందా అని అడిగితే "అబ్బే, చలికి" అంటుంది. జూలై నెలలో కూడా చలికే. నిద్రలో మాత్రం మూలుగుతుంది. ఆ మూలుగు వింటూ పక్కన పడుకోవడం పద్మనాభం వల్ల కావడం లేదు.

మాత్రలు ఆవిడ కడుపుకి పడలేదు. గంజాయితో చేసిన క్రీమ్ కొందరికి ఉపశమనం ఇస్తోందట, గ్యారంటీ లేదుగానీ ప్రయత్నించవచ్చు అంది డాక్టరు. కృష్ణకుమారి అక్కడ చిరునవ్వు నవ్వి, కార్లో కూర్చున్నాక నోరు విప్పింది.

"గంజాయి పూసుకున్న చేతుల్తో దేవుడికి దీపం పెట్టమంటారా?"

దాంతో ఆ ప్రస్తావన ముగిసింది. ఆవిడ ఒకసారి కాదన్నదాన్ని అవుననిపించిన మగాడు ఆ ఇంట్లో ఇంకా పుట్టలేదు. కొని తెద్దామంటే డబ్బా మీద ఆకు బొమ్మ ఉంటుంది. అందుకని తానే పెంచి, అందులో మందుగా పనికొచ్చే జిగురుని కొబ్బరినూనెలో మరిగించి, కేరళ తైలమని చెప్పి రాద్దామనుకున్నాడు. మిషిగన్‌లో ఇంట్లో గంజాయి మొక్క పెంచుకోవడం రాష్ట్ర చట్టం ప్రకారం నేరం కాదు. పెళ్ళానికి అబద్ధం చెప్పడం గురించి ఆ చట్టం ఏమీ అనలేదు.

చలికాలంలో కరివేపాకు మొక్కకి వెలుతురు కోసం పెట్టిన దీపం కిందే దీనికీ చోటు చూశాడు. కృష్ణకుమారి వచ్చి, అయిదు వేళ్ళలా విచ్చుకున్న ఆకుని తిప్పి చూసి, ఓ ముక్క తుంచి నమిలింది.

"పులుపు లేదేంటండీ?"

"తెల్ల గోంగూర కదా."

"ఎర్రదైతే పచ్చడికి బావుండేది," అని పైకి వెళ్ళిపోయింది. ఇంత సులువుగా అబద్ధం చెల్లుతుందని తెలియక అరవయ్యేళ్ళు నిజాలతో కాలక్షేపం చేసినందుకు పద్మనాభం కాస్త విచారించాడు.

ఇక మొదలైంది అసలు పని. ఇంటర్నెట్‌లో ఇలాంటి మొక్కలు పెంచేవాళ్ళ ఫోరం ఒకటుంది. జిగురు ఆకుల్లో పెద్దగా ఉండదని, పువ్వు మీద పంచదార చల్లినట్టు సన్నని గుండ్లుగా పుడుతుందని అక్కడే తెలుసుకున్నాడు. అది ఎంత పుడుతుందన్నది విత్తనం జాతిని బట్టి, వెలుతురుని బట్టి, వేడిని బట్టి, గాలిలో తేమని బట్టి. పూతకి రావాలంటే రోజులో సగం కటిక చీకటి ఉండాలి. మొక్కని కాస్త కష్టపెడితే జిగురు ఎక్కువ వస్తుందని కొందరు, కష్టపెడితే అసలుకే ఎసరని కొందరు అక్కడ బూతులు తిట్టుకుంటున్నారు. పద్మనాభం ఎవరినీ నమ్మలేదు. టెస్టింగ్‌లో చేసినట్టే ఒకసారికి ఒక్కటి మార్చి చూద్దామనుకున్నాడు.

మొక్క ఏపుగా పెరిగింది. కణుపుల దగ్గర తెల్లటి నూగుతో పూత కూడా మొదలైంది. తీరా మర్నాడు సాయంత్రం భూతద్దం పట్టుకుని వెళితే పూత లేదు. మళ్ళీ వచ్చింది, మళ్ళీ పోయింది. పువ్వులొస్తే ఇల్లంతా ఘాటు వాసన కొడుతుంది జాగ్రత్త అని ఫోరంలో హెచ్చరించారు. వాసన రావడం లేదని దిగులుపడ్డవాడు ఆ ఫోరం మొత్తంలో ఈయనొక్కడే.

చీకట్లో ఎక్కడి నుంచో వెలుతురు పడుతోందని అనుమానించి, వాటర్ హీటర్ మీద మిణుకుమనే చిన్న పచ్చ దీపానికి బ్యాండ్‌ఎయిడ్ అంటించాడు. తేమ తగ్గించే మెషీన్ కొన్నాడు. వేడి ఎక్కువైతే జిగురు ఆవిరైపోతుందని ఎవరో రాస్తే ఇంటి హీటింగ్ తగ్గించాడు. దాంతో మొక్కకి ఏమీ కాలేదుగానీ, పైన కృష్ణకుమారి కాఫీ గ్లాసు రెండు అరచేతుల మధ్య ఇరికించుకుని ఎత్తడం చూశాడు. వేళ్ళు అసలు వంగడం లేదు. పరుగున వెళ్ళి హీటింగ్ పెంచి, తనని తాను గాడిదా అని తిట్టుకున్నాడు. ఆ రోజు అన్నం సయించలేదు. ఆ మర్నాడూ అంతే.

"ఏవండీ, ఆ మొక్క మీద బెంగ పెట్టుకున్నారా?" అంది కృష్ణకుమారి.

"పూ... ఎదగడం లేదు."

"ఎదుగుతుంది లెండి. మీరు తినండి."

రోజూ పొద్దున ఆయన తోటి రిటైర్డ్ మిత్రులతో మాల్‌లో నడవడానికి వెళతాడు. ఆవేళ మంచు పడి రోడ్డు జారుతోంది. సగం దూరం డ్రైవ్ చేసి, ఇక లాభం లేదని వెనక్కి తిప్పాడు. ఇంట్లోకి వస్తే బేస్‌మెంట్ తలుపు తీసి ఉంది. మెట్లు దిగాడు.

కృష్ణకుమారి స్టూల్ వేసుకుని మొక్క ముందు కూర్చుని ఉంది. ఒళ్ళో స్టీలు గిన్నె. బొటనవేలికి పట్టు లేక, రెండు వేళ్ళ సందున ఇరికించి ఒక్కో పువ్వూ తెంపుతోంది. తెంపినప్పుడల్లా పళ్ళ మధ్య నుంచి "స్స్" అంటోంది.

"ఏం చేస్తున్నావ్ కుమారీ?"

ఆవిడ ఉలిక్కిపడలేదు కూడా. "పూత తుంచుతున్నా. గోంగూర పూతకొస్తే ఆకు ముదిరి పీచైపోదూ? ఆ మాత్రం తెలీదు మీకు. కంప్యూటర్‌లో చూసి పెంచితే ఇంతే మరి."

"రోజూనా?"

"మీరు వాకింగ్‌కి వెళ్ళగానే. వారానికోసారి పుల్లమజ్జిగ కూడా పోస్తున్నా."

"ఈ చేతుల్తోనా!"

"ఇంకెవరి చేతుల్తో? రిటైరయ్యాక మీరు మనసుపడి చేస్తున్న పని ఇదొక్కటేనాయె. అది ఎదగట్లేదని తిండి కూడా మానేస్తిరి. వేళ్ళు సలిపితే సలిపాయి, మీ మొక్క బావుంటే చాలనుకున్నా."

పద్మనాభం ఆఖరి మెట్టు మీద కూలబడ్డాడు. విత్తనాన్ని అనుమానించాడు, గాలిని అనుమానించాడు, వాటర్ హీటర్‌ని అనుమానించాడు. ఇదొక్కటే తట్టలేదు. ఇక దాచలేక మొత్తం చెప్పేశాడు. డాక్టరు మాట, జిగురు సంగతి, కేరళ తైలం పథకం, అన్నీ.

ఆవిడ గిన్నెలోకి చూసింది. తర్వాత తన వేళ్ళకేసి చూసుకుంది. వాటికి జిగురు అంటుకుని ఉంది.

"నాతో అబద్ధం చెప్పారు," అంది మెల్లగా.

"చెప్పాను. నువ్వు రెండేళ్ళుగా చెబుతున్నావు, చలికి అని."

తిట్లు మొదలవుతాయని పద్మనాభం తల వంచుకున్నాడు. ఆవిడ గిన్నె కింద పెట్టి, రెండు చేతులూ ఆయన ముందుకి చాపింది.

"చాలా నొప్పిగా ఉందండీ," అంది. "ప్రాణం పోతున్నట్టుంది."

వేళ్ళు ముట్టుకుంటే ఎక్కడ నొప్పెడతాయోనని ఆయన మణికట్లు పట్టుకున్నాడు. ఆ మాట వినడానికి రెండేళ్ళు ఎదురుచూశాడు. తీరా విన్నాక కళ్ళలో నీళ్ళు ఆగలేదు. ఆవిడకీ ఆగలేదు.

కాసేపటికి కృష్ణకుమారి భుజంతో చెంప తుడుచుకుని, మొక్కకేసి ఎగాదిగా చూసింది.

"డాక్టరుకి ఫోన్ చేసి ఆ క్రీమ్ సంగతి అడగండి. ఈలోగా దాన్ని పూయనివ్వండి," అంది.