ఆర్ అంటే రైటు కాదు

పదకొండో అంతస్తు ఆడవాళ్ల బాత్రూమును అఖిల పొద్దుట్నుంచి నాలుగోసారి తుడుస్తోంది. కాన్పయి నలభై రోజులైనా నిండలేదు. వంగితే పొత్తికడుపు లాగుతోంది. తాగే నోరు లేని పాలు యూనిఫాం కింద కట్టుకున్న గుడ్డను తడిపేస్తున్నాయి. ఇవాళ కంపెనీవాళ్ల తనిఖీ. కోకాపేటలో ఈ అద్దాల మేడ మెరవాలి, తుడిచేవాళ్ల ఒళ్లు ఏమైతే ఎవడికి కావాలి!

“పచ్చి బాలింతవు, గింత జల్దీ పనికెందుకొచ్చినవే?” అంది లావణ్య దగ్గుతూ. ఆమెకు ఏడో నెల. ఒళ్లు కాలిపోతున్నా వచ్చింది. మానితే ఆరు వందల కూలి పోతుంది.

అఖిల పనికోసం రాలేదు. సూపర్‌వైజర్ యాదయ్య కోసం వచ్చింది.

యాదయ్య చెడ్డవాడిలా కనిపించడు. అదే వచ్చిన చిక్కు. అందరినీ చెల్లె అంటాడు. జలుబు, జ్వరం, తెల్లబట్ట, ఏది చెప్పినా చొక్కా జేబులోంచి అవే గోలీలు తీస్తాడు. పూర్తి మోతాదూ లేదు, డాక్టర్ చీటీ లేదు. మనిషి సాయంత్రం దాకా నిలబడితే చాలు. మూడేళ్లు మింగింది అఖిల, అన్న ప్రేమగా ఇచ్చాడని.

కాన్పప్పుడు దవాఖానలో, పెన్సిలిన్ ఆమె ఒంటికి పడదని, లోపలి క్రిమి బిడ్డకు అంటకుండా వేరే మందు ఎక్కించారు. అది పనిచేయలేదు. మూడో రోజు బిడ్డ పోయింది. “నీ ఒంట్లనే విషముంది” అంది అత్త. ఆ తర్వాత వచ్చింది పరీక్ష కాగితం. మందుల పేర్ల ఎదుట ఆర్, ఆర్ అని ఉంది. బాత్రూము తలుపు మీది పట్టికలో గంటగంటకూ రైటు కొట్టే చెయ్యి ఆమెది. ఆర్ అంటే రైటేననుకుంది.

“అన్నిట్ల రైటే ఉన్నది, మందులు సక్కగనే పడ్డయా, డాక్టరమ్మా?” అని అడిగింది పిచ్చితల్లి.

డాక్టర్ ఉమాశ్రీ ఆమెను పక్కన కూర్చోబెట్టుకుంది. “రైటు కాదమ్మా. రెసిస్టెంట్, అంటే ఆ మందుకి క్రిమి లొంగదని. చాలామంది ఆడవాళ్ల ఒంట్లో ఇది చప్పుడు చేయకుండా ఉంటుంది. కాన్పులో బిడ్డకి అంటితేనే ప్రమాదం. నీ తప్పేం లేదు.”

అఖిల సంచిలోంచి యాదయ్య ఇచ్చిన గోలీల అట్ట తీసి చూపించింది.

“ఇదీ నీకు ఎక్కించిన జాతి మందే. దీనివల్లేనని తేల్చి చెప్పలేనుగానీ, అయినదానికీ కానిదానికీ మింగిస్తే క్రిములు ఇలాగే మొండికేస్తాయమ్మా.”

అప్పుడు ఏడ్చిన ఏడుపే. మళ్లీ ఏడవలేదు. తిరిగి పనిలో చేరి, చెత్తబుట్టల్లోంచి ఆ ఖాళీ అట్టలు ఏరడం మొదలుపెట్టింది.

“లావణ్యా, జర గోలీ ఏస్కో. మేడమోళ్లు వస్తున్నరు.” తలుపు దగ్గర యాదయ్య. లావణ్య చెయ్యి చాచింది, గోలీ అందుకుంది. ఇంతలో కంపెనీ ఆఫీసరు రసజ్ఞ వచ్చేసింది. తలుపు మీది పట్టిక చూసి ఆగిపోయింది.

“ఇదేంటండీ, అన్నిట్లో ఆర్ అని రాశారు?”

“మా అఖిలకు సదువు రాదు మేడం,” నవ్వాడు యాదయ్య. “రైటుకు ఆర్ ఏసింది.”

“రైటు గాదు. లొంగదని,” అంది అఖిల.

ఫినాయిల్ డబ్బా వెనకనుంచి సంచి తెచ్చి, తుడిచిన నేల మీద బోర్లించింది. అట్టలు గలగల రాలాయి. రసజ్ఞ చెప్పులు తగలకుండా వెనక్కి జరిగింది.

“ఇవన్నీ ఈయన మాతోని మింగిచ్చినయి. డాక్టర్ చీటీ ఒక్కటి సూపెట్టుమనుండ్రి.”

“అఖిలా! నీ మంచికే ఇచ్చిన గదనే!” యాదయ్య గొంతు వణికింది. వంగి గబగబా ఏరబోయాడు.

ఆ వణుకు కోసమే ఇన్ని రోజులు బతికింది అఖిల. “ఏరుకో యాదయ్యా.” ఈసారి ‘అన్నా’ అని పిలవలేదు. “సగమే ఇవి. తక్కిన సగం మందుల ఇన్‌స్పెక్టర్ కాడున్నయ్, నిన్ననే ఇచ్చొచ్చిన. ఈ బిల్డింగు పేరు గూడ రాసిచ్చిన, మేడం.”

రసజ్ఞ చేతిలో పెన్ను సంతకానికి పట్టిక మీదికి వెళ్లలేదు, జేబులోకీ వెళ్లలేదు.

లావణ్య దగ్గుతూ ముందుకొచ్చింది. పిడికిలి విప్పి, చెమటకు కరిగి అంటుకున్న గోలీని యాదయ్య ముందు నేల మీద విదిలించింది.