అక్క పోసిన స్లాబు

మా అక్క మేస్త్రి. ఆమె కింద నేను ఇనుప చువ్వలు వంచుతాను. చువ్వలు నాకు వంగుతాయి, నేను అక్కకు వంగుతాను. అక్క ఇరవై ఏళ్లు తట్టలు మోసి, తాపీ పట్టి, చివరికి ఓ బడి మేడకు సొంత పెత్తనంతో స్లాబు పోయించింది. ఆ రోజు కాంక్రీటు మాల్ జారుగా ఉంటే పని తెములుతుందని మిక్సరు దగ్గరివాళ్లు ఇంకో బకెట్ నీళ్లు కొట్టబోయారు. అక్క అడ్డం నిలబడింది.

"నీళ్లెక్కువైతే స్లాబు నీరుగారిపోతుంది. చేతులు నొప్పెడితే కూర్చోండి, నేను లాగుతా."

ఎవరూ కూర్చోలేదు.

అదే మాల్‌తో మూడు దిమ్మలు అచ్చుపోసి పరీక్ష కోసం ఉంచారు. ఇరవై ఎనిమిది రోజులకు వాటిని ల్యాబుకు పంపితే కాగితం వచ్చింది. బలం ఇరవై రావాల్సిన చోట పదకొండు. ఇంజినీరు కళ్లజోడు తుడిచి మళ్లీ చూశాడు. అంకె తుడుచుకుపోలేదు.

"ఈ స్లాబు పగలగొట్టాల్సిందేనమ్మా. ఆ తర్వాత నీకు ఇంకో స్లాబు ఎవరూ అప్పగించరు."

అక్క ముఖానికి సున్నం కొట్టినట్టయింది. గొంతు మాత్రం గట్టిగానే ఉంది. "దిమ్మలు ఎక్కడ పెట్టారు సార్?"

స్టోరు గుమాస్తా ముందుకొచ్చాడు. బట్టల కొట్టు మానేసి కొత్తగా చేరిన పెద్దమనిషి. "జాగ్రత్తగానే పెట్టానమ్మా. ఎవరో నీళ్ల తొట్లో పడేసిపోయారు. నాని పాడవుతాయని తీసి రేకుల మీద ఆరేశా. రోజూ తిరగేశా కూడా."

"మా అత్తగారికి కూడా నేనింత సేవ చెయ్యలేదు బాబాయ్. కాంక్రీటు ఆరబెడితే గట్టిపడదు, తడిలో ఉంచితేనే గట్టిపడుతుంది. స్లాబుకు నేను రోజూ నీళ్లు కట్టింది అందుకే."

"మాట బాగుంది," అన్నాడు ఇంజినీరు. "కాగితం మీద పదకొండే ఉంది."

"అయితే స్లాబునే అడగండి. మీకు నచ్చిన చోట తొలిచి, ఆ ముక్కను పరీక్షించండి."

నేను అక్క చెవి దగ్గర గొణిగాను. "నచ్చిన చోట అనకే. మంచి చోటు మనమే చూపిద్దాం."

"నేను పోసినదాంట్లో చెడ్డ చోటు ఏదిరా?"

ఇంజినీరు వెతికి వెతికి మూడు మూలలు ఎంచాడు. నా చువ్వలు తెగకుండా చూడమని మాత్రం బతిమాలుకున్నాను. గుండ్రటి ముక్కలు మూడు ఊడివచ్చాయి. వాటితోపాటు మేమూ ల్యాబుకు వెళ్లాం.

యంత్రం మొదటి ముక్కను నొక్కింది. ముల్లు పదకొండు దగ్గరికొచ్చేసరికి నా గుండె ఆగింది, ముల్లు ఆగలేదు. ఇరవై దాటింది. ఇరవై నాలుగు దగ్గర ముక్క ఫట్‌మంది. మిగతా రెండూ అంతకు తగ్గలేదు. సొంత పని పగిలితే పొంగిపోయినవాళ్లం లోకంలో మేమే అయ్యుంటాం.

"తొందరపడ్డాను మేస్త్రీ," అన్నాడు ఇంజినీరు. "స్లాబు ఉంటుంది. ఆ కన్నాలు రేపు ఎవరిచేతనైనా పూడిపిస్తాను."

"ఎవరో ఎందుకు సార్?"

మర్నాడు పొద్దున్నే మిక్సరు దగ్గరివాళ్లంతా పైకెక్కి చుట్టూ నిలబడ్డారు. ఒకడు చెయ్యి చాచాడు. అక్క తాపీ ఇవ్వలేదు. మోకాళ్ల మీద కూర్చుని, మూడు కన్నాలూ తానే తాపీగా పూడ్చింది.