బఠాణీ పేరు పక్కన రెండో గీత

రెండో తరగతిలో పిల్లలు ఇరవై ఆరుగురు. కథల పుస్తకాల అలమారా ఒకటి. దాని తాళంచెవి ఇన్నాళ్లూ టీచరు దగ్గరే ఉండేది. ఈ నెల నుంచి అది పిల్లల్లో ఒకరి దగ్గర ఉంటుందని, ఆ ఒకరిని పిల్లలే ఎన్నుకోవాలని సోమవారం టీచరు చెప్పింది.

మంగళ, బుధవారాలు ఓటు వేయడం నేర్పింది. బూట్ల డబ్బా మూతకు కంత కోసింది. చీటీ మీద ఒకే పేరు రాయాలి. నాలుగు మడతలు పెట్టాలి. పక్కవాళ్ల చీటీలోకి తొంగిచూడకూడదు. ఎవరు ఎవరికి వేశారో ఎవరూ అడగకూడదు, ఎవరూ చెప్పకూడదు.

"మీరు కూడా చెప్పకూడదా టీచర్?" అని మైకు అడిగింది. ఆ పిల్ల మాట్లాడితే పక్క గదికి వినపడుతుంది. అందుకే ఆ పేరు.

"నేను కూడా."

"ఒట్టు?"

"ఒట్టు."

గురువారం ఉదయం ఓటింగు జరిగింది. టీచరు బోర్డు మీద ఇరవై ఆరు పేర్లు రాసి, చీటీలు ఒక్కొక్కటే విప్పి చదువుతూ పేర్ల పక్కన గీతలు పెట్టింది. పదో చీటీ దగ్గర ఆమెకు అనుమానం వచ్చింది. ఇరవయ్యో చీటీకి అది తీరిపోయింది. అందరూ ఎవరి పేరు వాళ్లే రాసుకున్నారు. మడతలతో సహా అన్నీ నేర్పింది గానీ, ఎవరికి వేయాలో ఎలా ఆలోచించాలన్నది చెప్పడం మరిచిపోయింది.

తేడా రెండు చోట్లే వచ్చింది. బఠాణీ అనే పిల్లాడి పేరు పక్కన రెండు గీతలు పడ్డాయి. నత్త అనే పిల్ల పేరు పక్కన ఒక్కటీ లేదు. ఆ పిల్ల లేసులు కట్టుకునేలోపు తరగతి అంతా మైదానంలో ఉంటుంది.

బఠాణీకి వచ్చిన రెండో చీటీలో అక్షరాలు మెట్లెక్కుతున్నట్టు పైకి పోయాయి. తరగతిలో అలా రాసేది నత్త ఒక్కతే. టీచరు ఆ చీటీని మడిచి డబ్బాలో వేసింది.

"బఠాణీ గెలిచాడు," అంది.

పిల్లలు చప్పట్లు కొట్టారు. మైకు మాత్రం బోర్డు వైపే చూస్తోంది.

"టీచర్, నత్తకి సున్నా."

"సున్నా, సున్నా," అని వెనక బెంచీ అందుకుంది.

"ఏయ్ నత్తా, నీ ఓటు కూడా నీకు రాలేదా? ఇంకా దారిలో ఉందా?" అంది మైకు.

తరగతి పడీపడీ నవ్వింది. నత్త వంగి, కట్టి ఉన్న లేసు విప్పి మళ్లీ కట్టుకోవడం మొదలుపెట్టింది.

మధ్యాహ్నం భోజనాల వేళ ఆయమ్మ స్టాఫ్ రూముకు వచ్చింది. బడి ఊడ్చి, పిల్లల చేతులు కడిగేది ఆమే.

"మీ నత్త అన్నం ముట్టలేదు మేడమ్. రేపట్నుంచి బడికి రాదంట."

టీచరు తన అన్నం డబ్బా మూత పెట్టేసి, బోర్డు మీది గీతల సంగతీ పిల్లల నవ్వుల సంగతీ చెప్పింది.

"అదా సంగతి. ఆ బంగారుతల్లి ఒక్కతే తన పేరు రాసుకోలేదన్నమాట. ఆ ముక్క అందరి ముందూ చెప్పేయండి, నోళ్లు మూతపడతాయి."

"చెప్పనని ఒట్టేశాను."

"ఏడేళ్ల పిల్లలకి వేసిన ఒట్టే కదా."

"అందుకే ఆయమ్మా. వాళ్లు ఓటేయడం ఇదే మొదలు. ఇప్పుడే నేను చెప్పేస్తే ఇంకెప్పుడూ ఆ డబ్బాని నమ్మరు."

"పోనీ బోర్డన్నా తుడిచేయనా? ఆ సున్నా కనపడకుండా."

"వద్దు. లెక్క అందరికీ కనపడాలి. అదీ నేనే చెప్పాను."

"అన్నీ మీరే చెప్పారు," అంది ఆయమ్మ. "ఇప్పుడు మీరే తిప్పలు పడండి."

గంట కొట్టాక బఠాణీ తాళంచెవి తీసుకోవడానికి ముందుకు వచ్చాడు. చెయ్యి చాపి, మళ్లీ వెనక్కి తీసుకున్నాడు.

"టీచర్, ఒకటి నాదే. రెండోది ఎవరిది?"

"చెప్పను."

"ఎవరూ అడగకూడదు కదరా," అంది మైకు. అంటూనే బోర్డు దగ్గరికి నడిచింది. "టీచర్, నేను ఎవర్నీ అడగట్లేదు. బోర్డుని చూస్తున్నా, అంతే."

ఒక్కో గీత మీదా వేలు పెడుతూ కిందికి వచ్చింది. "నాది నాకుంది. వీడిది వీడికుంది. అందరివీ అందరికీ ఉన్నాయి." వేలు నత్త పేరు దగ్గర ఆగింది. అక్కడి నుంచి బఠాణీ పేరు దాకా జరిగింది. "ఇదా నత్తది?"

ఆ మాట మాత్రం పక్క గదికి వినపడలేదు.

అందరూ టీచరు వైపు తిరిగారు. టీచరు కిటికీలోంచి బయటికి చూసింది.

నత్త లేచి నిలబడింది. "టీచర్, నా ఓటు గురించి నేను చెప్పొచ్చా? అది నాదే కదా."

 ఈ ప్రశ్న టీచరు నేర్పిన రెండు రోజుల పాఠంలో లేదు.

"ఎవరి ఓటు సంగతి వాళ్లు చెప్పుకోవచ్చు. ఇంకొకళ్లు అడగకూడదు, ఇంకొకళ్లది చెప్పకూడదు. నువ్వు చెప్పకపోయినా ఎవరూ ఏమీ అనరు."

"చెప్తాను. నేనైతే తాళంచెవి పారేస్తా టీచర్. నా టిఫిన్ బాక్సు మూతే మూడుసార్లు పోయింది. మా అమ్మ ఇంక కొననంది. వీడైతే పుస్తకం చిరిగితే జిగురు పెట్టి అతికిస్తాడు. వీడి వెనకే కూర్చుంటా కదా, రోజూ కనపడతాడు."

బఠాణీ తన వేళ్ల మీది జిగురు గీక్కోవడం మొదలుపెట్టాడు.

"అలా కూడా వేయొచ్చా?" అని వెనక బెంచీ నుంచి ఒకడు అడిగాడు. "మాకు చెప్పలేదేంటి టీచర్?"

"తప్పు నాదే," అంది టీచరు.

"అయితే మళ్లీ వేద్దాం," అంది మైకు.

"గెలిచినవాడు గెలిచినట్టే. మళ్లీ వచ్చే నెల."

మైకు తన చోటికి పోతూ నత్త బెంచీ దగ్గర ఆగింది. "దారిలో ఉందా అన్నాను కదా, అది వెనక్కి తీసుకున్నా," అంది. నత్త జరిగి, ఆమెకు చోటిచ్చింది.

బఠాణీ తాళంచెవి అందుకుని అలమారా తెరిచాడు. తలుపు పూర్తిగా తెరుచుకోలేదు. కింద ఏదో అడ్డం పడింది. టీచరు పిలిస్తే ఆయమ్మ చీపురు తెచ్చి, అలమారా కిందికి పోనిచ్చి లాగింది. ఒక మూత వచ్చింది. ఇంకోసారి లాగితే ఇంకో రెండు వచ్చాయి.

"ఇవెవరివి?" అంది ఆయమ్మ.

చెప్పకూడదన్న నియమం ఓట్లకేనని పిల్లలకు అప్పటికే అర్థమైంది. నత్తతో సహా ఇరవై ఆరుగురూ ఒక్కసారే చెప్పారు.