సీరియస్ ఉంది, జల్ది రా

మా గల్లీలో ఎవరు పోయినా ఫోను తెచ్చి నా చేతిలో పెడతారు. బోధన్‌లో బట్టల కొట్టు నాది. మధుకర్ మాట నింపాదిగా ఉంటుందని పేరు. దూరాన ఉన్న కొడుక్కో కూతురికో మనిషి పోయిన సంగతి నేరుగా చెప్పకూడదు, దారిలో ఏమైనా అయిపోతారని మావాళ్ల భయం. అందుకని 'సీరియస్ ఉంది' అంటాం. ఆ ఇంగ్లీషు మాటకు బడిపుస్తకంలో ఏం రాశారో నాకు అనవసరం. మా దగ్గర ఫోనులో సీరియస్ అన్నారంటే అయిపోయినట్టే. వినేవాడికి సగం తెలుసు, మిగతా సగం ఆశ పెట్టుకుని బండెక్కుతాడు. నిజమేమిటని తిరిగి అడగడం మాత్రం మాలో లేదు.

దానికి నా పద్ధతి నాకుంది. ముందు తిన్నావా అని అడగాలి. తిన్నాననేదాకా అసలు మాట ఎత్తకూడదు. తర్వాత సీరియస్ అనాలి. నిన్నే అడుగుతున్నదని ఒక ముక్క కలిపితే ఇంకా మంచిది. ఈ విద్య తమ్ముడు రాజేష్‌కు కూడా నేనే నేర్పాను.

మూడేళ్ల కింద మా నాన్న, బాపు పోయినప్పుడు మహారాష్ట్రలోని భివండీలో ఉన్న చెల్లెలు రోజాకు నేనే ఫోన్ చేశాను. పిచ్చిది, పూర్తిగా నమ్మింది. జబ్బు మనిషికని సంచి నిండా యాపిల్ పండ్లు మోసుకొచ్చింది. ఇంటి ముందు పాడె కడుతుంటే చూసి సంచి అక్కడే వదిలేసింది.

"బండెక్కినకాన్నుంచి మొక్కుకుంటనే వచ్చిన అన్నా. ఎవరి కోసం మొక్కిన నేను?" అంది.

నీ మంచికేనమ్మా అని సర్దిచెప్పాను. అందులో తప్పుందని అప్పుడు నాకు అనిపించలేదు.

పోయిన నెల ఒకరోజు పొద్దున కొట్టు తెరిచి ఊడుస్తుంటే రాజేష్ ఫోన్ చేశాడు. మమ్మల్ని కన్న మా అవ్వ భూమవ్వ నిజామాబాద్‌లో వాడి దగ్గరే ఉంటుంది.

"అన్నా, తిన్నవా?" అన్నాడు.

నా చేతిలో చీపురు జారిపోయింది. తిన్నానన్నాను.

"అవ్వకు సీరియస్ ఉంది. దవాఖానల ఉన్నం. జల్ది రా, నిన్నే అడుగుతుంది."

నా పాఠం నాకే అప్పజెప్పాడు, పొల్లు పోకుండా. గల్లాపెట్టె మీద తల పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాను. బీడీలు చుట్టి చుట్టి వేళ్ల కొసలు అరగదీసుకుని మమ్మల్ని పెంచిన తల్లి, ఇక లేదనుకున్నాను.

తర్వాత చావుకు వెళ్లే మనిషి చేసే పనులన్నీ వరసగా చేశాను. షట్టర్ దింపాను. నా భార్య నవతను రెండు రోజుల బట్టలు సర్దమన్నాను. చుట్టాలందరికీ కలిపి ఒక బండి మాట్లాడి, అందరూ పోగయ్యేదాకా ఆగాను. ఆడమనిషి పోతే పుట్టింటివాళ్లు చీర తేవాలి కదా. ఎడపల్లిలో మేనమామకు అక్క పోయిందని నేనే చెప్పి, ఆయన చీర కొనుక్కొచ్చేదాకా బండి ఆపించాను. పూలదండ నేను కొన్నాను.

మధ్యలో రాజేష్ రెండుసార్లు ఫోన్ చేశాడు. ఎక్కడిదాకా వచ్చావు, అవ్వ అడుగుతున్నదన్నాడు. తాతకు దగ్గులు నేర్పుతున్నాడని చిరాకు కూడా వేసింది. వస్తున్నాం అని పెట్టేశాను. గంట దారికి నాలుగు గంటలు పట్టింది.

రాజేష్ దవాఖాన మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. నా చేతిలో దండ, మామ చంకలో చీర కవరు. వాడు మా మొహాలు చూడలేదు, వాటినే చూశాడు.

"అవ్వ పోయి ఇరవై నిమిషాలాయె," అన్నాడు. "ఈ పూలు ఎప్పుడు కొన్నవన్నా?"

దండ అక్కడే మెట్టు మీద పెట్టేశాను. లోపలికి పోయి అవ్వ చెయ్యి పట్టుకుంటే ఇంకా వెచ్చగానే ఉంది. పొద్దున్నుంచీ తెలివిలోనే ఉందట. తలుపు చప్పుడైనప్పుడల్లా నేనేననుకుని చూసిందట. రోజాకు ఫోన్ చేస్తే, సీరియస్ అంటే నేను నమ్మను, ముందు అవ్వతో మాట్లాడించమని మొండికేసిందట. రాజేష్ ఫోను అవ్వ చెవికి ఆనించాడు. తల్లీకూతుళ్లు తనివితీరా మాట్లాడుకున్నారు. ఎక్కడో భివండీలో ఉన్నదానికి దక్కింది. గంట దూరంలో ఉండి నేను పోగొట్టుకున్నాను.

రోజా అప్పటికి రైల్లో ఉంది. ఎవరో ఒకరు చెప్పాలి. అలవాటు ప్రకారం ఫోను నా చేతికే వచ్చింది. తిన్నావా అన్న మాట నోటిదాకా వస్తే మింగేశాను.

"రోజా, అవ్వ పోయింది."

రైలు చప్పుడులో అది చాలాసేపు ఏడ్చింది. తర్వాత గొంతు సవరించుకుని, "ఆఖరికి నీతోని ఏమన్నదన్నా?" అని అడిగింది.

"నేను మాట్లాడలే రోజా," అన్నాను. "అవ్వ నా కోసం సూస్తుంటే, నేను పూలు కొంటున్న."