తాళం వెనక బజరు

నేను చేసిన వస్తువును సాకుగా చూపించి ఒక మనిషిని గదిలోంచి వెళ్ళగొట్టారు. తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండిపోతుంది.

చెల్లెలి ఇంటికి వెళ్ళి ఐదో రోజున తిరిగి వచ్చాను. గేటు దాటగానే మెట్ల కింద గదికి కొత్త తాళం కనిపించింది. పక్కన నోటీసు బోర్డు మీద ఒక కాగితం: "నీటి పంపు పూర్తిగా ఆటోమేటిక్ అయినందున పంపు ఆపరేటర్ సేవలు నిలిపివేయడమైనది. ఈ సదుపాయం సమకూర్చిన మూడో అంతస్తు మేడమ్‌గారికి కృతజ్ఞతలు." ఆ మేడమ్ నేనే. కృతజ్ఞతలట! సంచి అక్కడే పడేసి ఆ కాగితాన్ని రెండోసారి చదివాను.

ఆ గదిలో ఉండేది వాల్వు బాబాయ్, ఆయన భార్య. ఐదు అంతస్తుల మా భవనంలో మోటారు వేయడం, ఆపడం, ఏ అంతస్తుకు ఎప్పుడు వాల్వు తిప్పాలో చూడడం పదహారేళ్ళుగా ఆయన పని. పైకి వెళ్ళే గొట్టం మీద అరచెయ్యి ఆనించి "నిండబోతోంది" అనేవాడు. అన్నాక ఊరుకునేవాడు కాదు. చెయ్యి చెప్పినదాన్ని కంటితో చూస్తే తప్ప నమ్మేవాడు కాదు కనుక డాబా మీదికి ఎక్కేవాడు. లిఫ్టు లేదు. రోజుకు రెండుసార్లు ఎక్కడం, రెండుసార్లు దిగడం.

నాది ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీసే ఉద్యోగం. ఒకరోజు బాబాయ్ మోకాళ్ళు పట్టుకుని నా టేబుల్ దగ్గరికే వచ్చాడు. ఫిలిం తీసి చూశాను. ఎముకకూ ఎముకకూ మధ్య సందే లేదు. ఈ మోకాళ్ళతోనా ఈయన ఐదంతస్తులు ఎక్కుతున్నది!

సెలవు రోజుల్లో నాకు ఎలక్ట్రానిక్ బోర్డుల పిచ్చి. అగ్గిపెట్టెంత బోర్డు, వైఫై అందులోనే ఉంటుంది. లాప్‌టాప్‌కు తగిలించి నాలుగు ముక్కలు రాసి ఎక్కిస్తే చెప్పిన పని చేస్తుంది. మా ఇంట్లో కర్టెన్లు, బాల్కనీ లైటు అలా పనిచేసేవే. "కర్టెన్లు ఫోన్ మాట వింటాయి, కాఫీ మాత్రం అడిగినా రాదు," అని మా అత్తగారు వచ్చినవాళ్ళందరికీ చెప్పుకుంటూ ఉంటుంది.

బాబాయ్ కోసం రెండు బోర్డులు పెట్టాను. ఒకటి పాత లంచ్ బాక్సులో అమర్చి ట్యాంకు మూతకు బిగించాను. నీళ్ళు ఎంత దూరంలో ఉన్నాయో అది సెన్సరుతో కొలిచి కిందికి పంపుతుంది. రెండోది మెట్ల కింద గదిలో, మోటారు స్టార్టరు పక్కన. ట్యాంకు ఖాళీ కాగానే వేస్తుంది, నిండగానే ఆపుతుంది. పైదానికి ఐదో అంతస్తులో ఉండే మా భవన సంఘం సెక్రటరీగారి వైఫై, కిందిదానికి కిందింటివాళ్ళ వైఫై. ఏ గొట్టం ఎలా మోగుతుందో, మోటారు ఎప్పుడు గాలి పీలుస్తుందో బాబాయ్ రెండు నెలలు పక్కన కూర్చుని చెప్పాడు. చెప్పినదంతా ప్రోగ్రాములో రాసుకున్నాను.

ఒక్కచోట ఆగాను. పై బోర్డు నుంచి కబురు రాకపోతే ఏం చేయాలి?

"అలాంటప్పుడు మోటారు ఆపెయ్యకమ్మా," అన్నాడు బాబాయ్. "సగంలో ఆగితే గొట్టంలో గాలి చేరుతుంది. మళ్ళీ నీళ్ళు లాగించేసరికి తల ప్రాణం తోకకొస్తుంది. నన్ను పిలువు చాలు. ఆపాలో నడపాలో వచ్చి నేను చూసుకుంటా."

అందుకని ఒక బజరు పెట్టాను. పై నుంచి ఐదు నిమిషాలు కబురు రాకపోతే ఆయన గదిలో మోగుతుంది. అంతే. మిగతాది బోర్డుకు వదల్లేదు, ఆయనకు వదిలాను.

నోటీసు చదివి నేరుగా ఐదో అంతస్తుకు ఎక్కాను. సెక్రటరీగారు చేతిలో టీ కప్పుతో తలుపు తీశారు.

"రండి రండి. చూశారా, మీ పేరు మీద కృతజ్ఞతలు కూడా రాయించాం."

"ఆయన్ని మెట్లెక్కించకుండా చేశాను గానీ, ఆయన్నే లేకుండా చేయమని ఎవరు చెప్పారండీ మీకు?"

"ఎందుకండీ అంత ఆవేశం? మోటారు దానంతటదే వేస్తోంది, ఆపుతోంది. ఇంక ఆయన అక్కడ కూర్చుని చేసేదేముంది?"

"బజరు మోగితే ఎవరొస్తారు?"

"మోగదు లెండి. మీ పనితనం మీద మాకు నమ్మకం ఉంది."

పొగడ్త వింటుంటే చెంపదెబ్బ తిన్నట్టుండడం నాకు అదే మొదటిసారి. గది తాళంచెవి ఇవ్వండి, నా బోర్డు నేను పీక్కుంటాను అన్నాను. ఇప్పుడది భవనం ఆస్తి అన్నారు. ఆదివారం మీటింగులో మాట్లాడుకుందాం అన్నారు. అని మర్యాదగా తలుపు వేసుకున్నారు. మర్యాదకు మాత్రం ఏ లోటూ లేదు!

రెండు వీధుల అవతల టైర్ల షాపు వెనక, బావమరిది ఇంటి ముందుగదిలో దొరికాడు బాబాయ్. సామాను మూటలు విప్పనైనా లేదు. నన్ను చూసి లేవబోయి, మోకాలు పట్టేస్తే మళ్ళీ కూలబడ్డాడు.

"నీ తప్పేం లేదమ్మా," అన్నాడు.

"తప్పు లేకపోవడమేంటి?" లోపలినుంచి పిన్ని వచ్చింది. "రెండు నెలలు పక్కన కూర్చోబెట్టుకుని అన్నీ నేర్పాడు. నేర్చుకున్నావు. నీ పెట్టె గదిలో ఉంది, మేం ఇక్కడున్నాం. తప్పు కాదంటే మరేంటది?"

ఇంటికి వస్తూ దారి పొడుగునా నన్ను నేనే తిట్టుకున్నాను. ఆయన పదహారేళ్ళ అనుభవాన్ని తెచ్చి ఆ సెక్రటరీ చేతిలో పెట్టింది నేనే కదా. మోకాళ్ళు చూశాను గానీ మనుషుల్ని చూడలేదు.

మూడో రోజు, డ్యూటీ అయ్యే వేళకు మా అత్తగారు ఫోన్ చేసింది. "ఏమేవ్, మెట్ల కింద నీ పెట్టె పొద్దుట్నుంచి చెవులు చిల్లులు పొడుస్తోంది. మెట్ల మీద నీళ్ళు కాలవ కడుతున్నాయి. తాళంచెవేమో సెక్రటరీ జేబులో ఉంది, ఆయన ఆఫీసులో ఉన్నాడు. ఆ పెద్దమనిషికీ, వాల్వు బాబాయ్‌కీ కబురు పెట్టాను. నువ్వు త్వరగా రా."

గేటు బయటికే వినిపించింది బజరు. మెట్ల మీద నీళ్ళు ఒక్కో అంతస్తూ దిగి వస్తున్నాయి. జనం గుమిగూడి తాళం వంక చూస్తున్నారు. మోటారు ఆపాలన్నా, మెయిన్ స్విచ్ తీయాలన్నా ఆ గదిలోకే వెళ్ళాలి. ఇంట్లోంచి సుత్తి తెచ్చి నాలుగు దెబ్బలు వేశాను. మొదటి దెబ్బ తాళం మీద, మిగతా మూడూ ఎవరి మీదో చెప్పక్కర్లేదు.

తలుపు తెరుచుకునేసరికి బాబాయ్ కుంటుకుంటూ వచ్చాడు. పక్క తీసేసిన ఖాళీ గదిలో గోడ మీద ఆ చిన్న బజరు గొంతు చించుకుంటోంది. ఆయన పడుకునే చోట, తల వైపున బిగించానది. పొద్దుట్నుంచి అది పిలుస్తున్నది ఆయన్నే. బాబాయ్ ఎర్ర బటన్ నొక్కి మోటారు ఆపాడు. అలవాటు చొప్పున గొట్టం మీద చెయ్యి వేశాడు.

"చాలాసేపటి నుంచి పొర్లుతోంది," అన్నాడు.

అప్పుడే సెక్రటరీగారు వచ్చి పైకి పరుగెత్తి, ప్యాంటు మోకాళ్ళదాకా తడుపుకుని దిగి వచ్చారు. డాబా మీది నీళ్ళు మొదట దూరింది వాళ్ళింట్లోకే.

"మీ యంత్రం మా ఇల్లు ముంచేసింది!"

"వైఫై పాస్‌వర్డ్ మార్చారా?" అని అడిగాను.

"పొద్దున మార్చాను. ఎవరెవరో వాడుకుంటున్నారని. దానికీ దీనికీ ఏంటి?"

"పై బోర్డు మాట్లాడేది మీ వైఫైతోనే. దాని నోరు నొక్కింది మీరు. నడుస్తున్న మోటారుకు ట్యాంకు నిండిందని తెలియలేదు, బజరు మోగింది. మోగితే రావలసిన మనిషిని వెళ్ళగొట్టిందీ మీరే. తీగలు, బోర్డులు, మోటారు, ఈయన, అన్నీ కలిస్తేనండీ నేను చేసిన యంత్రం. అందులోంచి ఒక ముక్క పీకేసి, మిగతాది పనిచేయలేదని నన్నంటారా?"

సెక్రటరీగారు ప్యాంటు పిండుకుంటూ కాసేపు ఆలోచించారు. ఆయనకు తెలివి లేదని నేనెప్పుడూ అనను.

"అయితే సిగ్నల్ పోగానే మోటారు దానంతటదే ఆగిపోయేలా పెట్టలేరా? అప్పుడు ఎవరూ రానక్కర్లేదు కదా."

అందరూ నా వైపు చూశారు. గొట్టం మీది చెయ్యి తీయకుండా బాబాయ్ కూడా చూశాడు. ఆపొద్దని అడిగింది ఆయనే కనుక, ఆపడం కుదురుతుందని అక్కడ నాతోపాటు తెలిసింది ఆయన ఒక్కడికే. ఉన్నది ఉన్నట్టు చూపించడం నా ఉద్యోగం. ఇరవై ఏళ్ళలో విరిగిన ఎముకను విరగలేదని ఎవరికీ చెప్పి ఎరగను.

"కుదరదండీ," అన్నాను. "మనిషి ఉండాల్సిందే."

సెక్రటరీగారు నన్ను చూశారు, మెట్ల మీద నీళ్ళను చూశారు. నోటీసు బోర్డు మీది ఆ కాగితం మీ చేత్తోనే తీసేయండి అన్నాను. తడి చేతులతో తీశారు. అది ముక్కలై సగం బోర్డుకే అంటుకుపోయింది.

సాయంత్రానికి పిన్ని మూటలతో వచ్చింది. నాతో ఏమీ అనలేదు గానీ చీపురు నా చేతికిచ్చి గదిలో నీళ్ళు తోయమంది. నేను తోస్తుంటే బాబాయ్ తలుపు దగ్గరగా వేసి వచ్చాడు.

"ఆగిపోయేలా పెట్టొచ్చు కదమ్మా?"

"పెట్టొచ్చు బాబాయ్."

"ఎంత పని?"

"ఒక్క లైను."

ఆయన కాసేపు బజరు వంక చూశాడు. మోకాలి మీద చెయ్యి ఆనించుకుని మెల్లగా ఒక మూట మీద కూర్చున్నాడు.

"రాయకమ్మా," అన్నాడు.