ఏసీ గదిలో థర్మామీటరు

మా రోడ్డు పనికి ఈ ఏడు కొత్త రూలొకటి వచ్చింది. థర్మామీటరు నలభై దాటితే పని ఆపేయాలి. ఎండదెబ్బకు మనుషులు పిట్టల్లా రాలిపోతున్నారని పైవాళ్ళకు ఎట్టకేలకు జాలి కలిగింది. పాపం, వాళ్ళ మనసు వెన్న.

థర్మామీటరు కూడా వచ్చింది. చూడముచ్చటగా ఉంది. దాన్ని తారు డ్రమ్ముల పక్కన స్తంభానికి తగిలించబోతే ఇంజనీరుగారి ప్రాణం విలవిల్లాడింది.

"కొత్త వస్తువయ్యా, ఎండకు పాడైపోదూ? లోపల పెట్టండి."

అలా అది ఆయన ఏసీ గదిలో, ఆయన కుర్చీ వెనక గోడకెక్కింది. మా అందరి ఒంటికంటే దాని ఒళ్ళే భద్రంగా ఉంది.

నేను రోలరు నడుపుతాను. మా అన్నయ్య వేడి తారు పోస్తాడు. బీపీ ఉన్నా ఒక్కపూట నాగా పెట్టడు. ఆ మధ్యాహ్నం మాత్రం బకెట్టు దించేసి, "ఒరేయ్, చెమట పట్టట్లేదురా" అన్నాడు. ఒంటిమీద చెయ్యి వేస్తే కాలిపోతోంది. ఇంజనీరుగారి గదికి పరుగెత్తాను.

"సార్, పని ఆపించండి. మా అన్నయ్య పడిపోయేలా ఉన్నాడు."

ఆయన శాలువా సర్దుకుని గోడవైపు తిరిగారు. "ఇరవై నాలుగేనయ్యా."

"ఒక్కసారి బయటికొచ్చి చూడండి సార్!"

"చూడ్డానికేగా ఇది పెట్టింది? నీ మాట నమ్మాలా, మెషీను మాట నమ్మాలా?"

మెషీన్నే నమ్మాలి మరి. దానికి అన్నయ్య లేడు కదా, అబద్ధం చెప్పే అవసరమేముంది?

తిరిగొచ్చేసరికి అన్నయ్య రోలరు నీడలో పడి ఉన్నాడు. నలుగురం మోసుకెళ్ళి ఆ చల్లటి గదిలోనే పడుకోబెట్టాం.

"ముందు ఆ తలుపు వేయండి, వేడి లోపలికొస్తోంది!" అన్నారు ఇంజనీరుగారు.

బయట వేడి ఉందని ఆయన నోట వినడం అదే మొదటిసారి. నాకు ఆ గదిమీదికి రోలరు ఎక్కించాలనిపించింది. అంబులెన్సు వచ్చేలోపే అన్నయ్య ఊపిరి ఆగిపోయింది.

వారం తర్వాత మా వదినను పిలిపించారు. మనిషి ఎలా పోయాడో పైకి రాసి పంపాలట. నేనూ వెంట వెళ్ళాను.

"ఎండదెబ్బ అని రాయలేనమ్మా. ఆ రోజు ఇక్కడ ఇరవై నాలుగే" అన్నారు ఇంజనీరుగారు, చాలా బాధగా.

వదిన గోడమీది థర్మామీటరును చాలాసేపు చూసింది. ఆ గదిలో ఆమెకు వణుకు పుడుతోంది. చేతులు కట్టుకుని మెల్లగా అంది.

"అయితే చలికి పోయాడని రాయండి సార్."